‘పడదు’ అన్న మాట

 

1984లో, ఎనిమిదో తరగతిలో, నా పక్కన కూర్చునేవాడు ‘నాకు పల్లీలు పడవురా’ అనేవాడు. ఆగస్టు పదిహేనుకి పల్లీపట్టి పంచినా చెయ్యి చాపేవాడు కాదు. వేషాలనుకున్నాం. ఒకరోజు వాడి ఉప్మాలో పల్లీపొడి కలిపింది నేనే. పది నిమిషాల్లో పెదవులు వాచి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, పిల్లికూతలు మొదలయ్యాయి. సైన్సు మాస్టారు సైకిలు మీద ఆస్పత్రికి తీసుకెళ్ళారు. వాడు బతికాడు. ఇవాళ ఈ హాల్లోనే ఉన్నాడు, వాడి అనుమతితోనే చెబుతున్నాను.

నేను డాక్టరుని కాదు. సబ్‌స్టేషన్లలో ప్రొటెక్షన్ రిలేలు సెట్ చేసే ఇంజినీరుని. ఆ రోజు వాడి కడుపులో ఏం జరిగిందో చాలా ఏళ్ళ తర్వాత పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నాను.

రిలే గొప్పదనం ట్రిప్ చెయ్యడంలోనే కాదు, అనవసరంగా ట్రిప్ చెయ్యకపోవడంలోనూ ఉంది. పేగూ అంతే. మనం తినే పప్పు, గుడ్డు, చేప అన్నీ ఒంటికి పరాయి ప్రొటీన్లే. పేగు గోడలోని డెండ్రైటిక్ కణాలు వాటి నమూనాలను దగ్గరి లింఫు గ్రంథులకు మోసుకెళ్తాయి. అక్కడ తయారయ్యే నియంత్రక టి కణాలు ‘ఇది తిండే, ఊరుకోండి’ అని మిగతా కణాలను అదుపులో పెడతాయి. అంటే ఊరుకోవడం కూడా ఒళ్ళు నేర్చుకోవలసిందే!

ఆ పాఠం తప్పితే వేరే రకం టి కణాలది పైచేయి అవుతుంది. వాటి ప్రోద్బలంతో బి కణాలు పల్లీ ప్రొటీను మీద ఐజీఈ యాంటీబాడీలు తయారుచేస్తాయి. అవి పేగులో, చర్మంలో, ఊపిరి గొట్టాల్లో ఉండే మాస్ట్ కణాలకు అతుక్కుని కాచుకుంటాయి. మళ్ళీ పల్లీ తగిలిందా, ఆ కణాలు హిస్టమిన్ గుమ్మరిస్తాయి. వాంతులు, వాపు, ఆయాసం, ఒక్కోసారి బీపీ పడిపోవడం. అప్పుడు వెంటనే కావలసింది తొడ కండలో అడ్రినలిన్ ఇంజెక్షన్. మేమిచ్చింది మజ్జిగ.

ఎలర్జీ ముప్పున్న పిల్లలకు మూడేళ్ళదాకా పల్లీ పెట్టొద్దని 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెప్పింది, 2008లో ఆ మాట వెనక్కి తీసుకుంది. 2015లో లండన్‌లో గిడియన్ లాక్ బృందం తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు ఎలర్జీ గానీ ఉన్న 640 మంది పసివాళ్ళ మీద చేసిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. ఏడాది లోపే పల్లీ మొదలుపెట్టి అయిదేళ్ళదాకా తిన్నవాళ్ళలో, మానినవాళ్ళకన్నా పల్లీ ఎలర్జీ 80 శాతం దాకా తక్కువ. మనవలున్న మిత్రులు డాక్టర్నడిగి, మెత్తగా చేసి పెట్టించండి. పలుకులు గొంతుకు అడ్డం పడతాయి. ఇప్పటికే పడనివాళ్ళ మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు.

మన సంఘానికి ఒక మనవి. బడి అడ్మిషన్ ఫారంలో ‘ఏ ఆహారం పడదు?’ అన్న ఒక్క గడి పెట్టిద్దాం.

ఇవాళ భోజనాల్లో పులిహోర రెండు గిన్నెల్లో ఉంది. కిటికీ పక్కనున్నది పల్లీలు లేనిది. దయచేసి గరిటెలు మార్చకండి.