కూలికి బీరు

మద్యం అనగానే మనకు మత్తే గుర్తొస్తుంది. కానీ సుమారు 5,000 ఏళ్ల కిందట మెసొపొటేమియాలో, అంటే నేటి ఇరాక్ ప్రాంతంలో, బీరు తిండి కూడా, కూలి కూడా. ఇది ఊహ కాదు. ఎవరికెంత బార్లీ, ఎవరికెంత బీరు ఇచ్చారో అక్కడి గుమస్తాలు మట్టి పలకల మీద రాసిపెట్టారు. మనిషి తొలి రాతల్లో కవిత్వం కాదు, ఇలాంటి పద్దులే ఎక్కువ! ఆ బీరు చిక్కగా ఉండేది, పైన పొట్టు తేలేది. అందుకే కుండలో పొడవాటి గొట్టాలు పెట్టి, చుట్టూ కూర్చుని పీల్చేవారు. ఆ దృశ్యం అప్పటి ముద్రల మీద చెక్కి ఉంది.

తిండి పేరు చెప్పి తాగింది మత్తు కోసమే కదా అని మీరనొచ్చు. మత్తు లేదనడం లేదు. తాగే చోట కుట్రలు పన్నేవారిని పట్టివ్వకపోతే బీరు అమ్మే ఆమెకు మరణశిక్షేనంది, తర్వాతి కాలపు బాబిలోన్ రాజు హమ్మురాబి శాసనం. కానీ అదే శాసనం ఇంకో మాట కూడా చెప్పింది. ధాన్యం విలువకు తగ్గట్టు బీరు కొలవకుండా మోసం చేస్తే, ఆమెను నీళ్లలో పడేయమంది. రేషన్ దుకాణంలో తూకం మీద మనకుండే పట్టింపే ఇది. మామూలు జనం తాగడం తప్పని ఆ శాసనం అనలేదు, కొలత తగ్గితే మాత్రం ఊరుకోలేదు.