యూయెల్మ్: మాన్యం మీద నిలిచిన ఊరు



మాస్టారు డిగ్రీ క్లాసులో చాసర్ పాఠం చెప్పిన తీరు ఈ హాల్లో సగం మందికి గుర్తుండే ఉంటుంది. ఆయన కవి దగ్గర ఆగేవారు కాదు. ఆ కవి కొడుకు ఏమయ్యాడు, మనవరాలు ఏమైంది, చివరికి ఆస్తి ఎవరికి పోయింది అని కూపీ లాగేవారు. ఆ చివరి ప్రశ్ననే ఈ ఏటి ఉపన్యాసానికి విషయంగా తీసుకున్నాను. దాని జవాబు ఇంగ్లండులో, ఆక్స్‌ఫర్డ్‌షైర్ దక్షిణాన, యూయెల్మ్ అనే చిన్న పల్లెటూళ్లో ఉంది.

ముందు ఊరి నైసర్గిక స్థితి చెబుతాను, తర్వాత పనికొస్తుంది. చిల్టర్న్ కొండలు సుద్దరాతి కొండలు. వాన నీరు పైన నిలవదు, సుద్దలోకి ఇంకిపోయి కొండ పాదాన ఊటగా పైకి వస్తుంది. అలాంటి ఊట ఒకటి యూయెల్మ్‌లో పుట్టి, చెరువై, ఆపైన వాగై పారుతుంది. ఆ వాగులోనే వాటర్‌క్రెస్ అనే ఆకుకూర మళ్లు వేసి 20వ శతాబ్దం చివరిదాకా బజారుకు పంపేవారు. వాగు పక్క నుంచి మిట్ట ఎక్కితే వరసగా మూడు కట్టడాలు. కింద బడి, దాని పైన బీదలకు నిలువనీడ ఇచ్చే ధర్మగృహం, ఇంగ్లీషు వాళ్ల ఆల్మ్స్‌హౌస్. అన్నిటికీ పైన సెయింట్ మేరీ చర్చి. చర్చి పడమటి వాకిలి నుంచి మెట్లు దిగితే నేరుగా ధర్మగృహంలోకే వస్తాం. మూడూ 15వ శతాబ్దంలో ఒకే దంపతుల చేతి మీదుగా వెలిశాయి. చర్చి గోపురం మాత్రం అంతకు ముందరిది.

ఇక ఆస్తి సంగతి. జెఫ్రీ చాసర్ 1400లో పోయాడు. కొడుకు థామస్ తండ్రిలా పద్యాలు రాసినవాడు కాదు, లెక్క తెలిసినవాడు. తల్లి ఫిలిప్పా చెల్లెలు కేథరిన్ స్విన్‌ఫర్డ్, రాజకుమారుడు జాన్ ఆఫ్ గాంట్‌కు మొదట ప్రియురాలు, తర్వాత మూడో భార్య. ఆ చుట్టరికం థామస్‌కు కలిసొచ్చింది. మటిల్డా బర్ఘర్ష్ అనే జమీందారు బిడ్డను చేసుకున్నాడు. యూయెల్మ్ ఆమె పుట్టింటి ఆస్తి. ఆపైన కామన్స్ సభకు అయిదు సార్లు స్పీకరయ్యాడు. 1434లో పోయాడు. చర్చిలో భార్యాభర్తల సమాధి మీద ఇత్తడి రేకులో ఇద్దరి బొమ్మలూ ఉన్నాయి. ఆయన కవచం తొడుక్కుని ఉంటాడు. సమాధి చుట్టూ వంశ చిహ్నాల డాళ్లు. అక్కడ ఒక తమాషా ఉంది. థామస్ తనదిగా వాడుకున్నది కవి అయిన తండ్రి చిహ్నం కాదు, తల్లి పుట్టింటివారి మూడు చక్రాలు. ఇవాళ ప్రపంచం ఆ సమాధి దగ్గరికి తండ్రి పేరు విని వస్తుంది. ఆ రోజుల్లో పరపతి తల్లి వైపు చుట్టాలకు ఉండేది.

వీళ్ల ఒక్కగానొక్క కూతురు ఆలిస్. ఈ కథంతా ఆమెదే. మొదటి భర్త జాన్ ఫెలిప్ 1415లో హార్‌ఫ్లర్ ముట్టడిలో పోయేనాటికి ఆమెకు నిండా పన్నెండేళ్లు లేవు. రెండో భర్త సాల్స్‌బరీ ప్రభువు 1428లో ఓర్లియాన్ ముట్టడిలో ఫిరంగి దెబ్బకు పోయాడు. ఆయన తర్వాత ఆ సేనలో ముందుకొచ్చిన విలియం డి లా పోల్‌ను మరుసటి ఏడు జాన్ ఆఫ్ ఆర్క్ సేన బందీగా పట్టుకుంది. విడుదలై వచ్చాక ఆలిస్ మూడో భర్త అతనే. విలియం అంచెలంచెలుగా ఎదిగి సఫోక్ డ్యూకయ్యాడు, ఆరో హెన్రీ రాజ్యాన్ని దాదాపు తానే నడిపాడు, ఫ్రాన్సులో భూములు చేజారిన పాపమంతా తన నెత్తికే చుట్టుకున్నాడు. 1450లో దేశబహిష్కారానికి పోతుంటే దారిలో ఓడను అడ్డగించి, చిన్న పడవ అంచు మీద తల నరికి, మొండేన్ని డోవర్ ఒడ్డున పారేశారు. మరుసటి ఏడు ఆలిస్ మీద రాజద్రోహం కేసు పెట్టారు. ఆమె నిర్దోషిగా బయటపడింది. అంతటితో ఆగలేదు. కొడుకు జాన్‌కు ప్రత్యర్థి పక్షమైన యార్క్ వంశపు పిల్ల ఎలిజబెత్‌ను చేసింది. తర్వాత ఆ పిల్ల అన్నే నాలుగో ఎడ్వర్డుగా గద్దెనెక్కాడు. ఒకప్పుడు తాను కొలిచిన, ఆరో హెన్రీ రాణి మార్గరెట్ ఓడి బందీ అయినప్పుడు, ఆమెను కాపలా ఉంచుకునే బాధ్యతా ఆలిస్‌కే అప్పగించారు. ఎవరి పక్షాన ఎప్పుడు నిలబడాలో ఈవిడకు తెలిసినంతగా ఆ కాలపు మగవాళ్లలో చాలామందికి తెలియలేదనే నా అభిప్రాయం.

ఇంత చెప్పింది ఎందుకంటే, మనుషులు ఇలా రాలిపోతున్న కాలంలో ఆమె కట్టించినవి ఎలా నిలిచాయన్నది అసలు ప్రశ్న కనక. 1437లో విలియం, ఆలిస్ ఇద్దరూ రాజు దగ్గర అనుమతి పత్రం తీసుకున్నారు. ఇద్దరు మతగురువులు, పదమూడు మంది బీదలు ఉండేలా ధర్మగృహం పెట్టుకోవచ్చునని. దానికి రాసిచ్చిన మాన్యాలు మూడు: బకింగ్‌హామ్‌షైర్‌లో మార్ష్ గిబ్బన్, విల్ట్‌షైర్‌లో కానక్, హాంప్‌షైర్‌లో రామ్‌రిడ్జ్. మూడూ మూడు జిల్లాల్లో ఉన్న ఎస్టేట్లు. వాటి శిస్తుతో యూయెల్మ్‌లో వంట పొయ్యి వెలగాలి. అసలు కీలకం ఎక్కడుందంటే, ఆ భూములు రాసింది ఏ మనిషి పేరు మీదా కాదు. ధర్మగృహాన్నే చట్టం ముందు ఒక సంస్థగా నిలిపి దాని పేర రాశారు. ఆ కాగితం ముక్క వంద ఏళ్ల తర్వాత ఎలా అక్కరకొచ్చిందో కాసేపట్లో చెబుతాను.

ఉండబోయేవాళ్లకు నియమావళి రాశారు. కటువైన నియమావళే. రోజుకు చాలాసార్లు మెట్లెక్కి చర్చికి పోవాలి. రాజు కోసం, దాతల కోసం, దాతల తల్లిదండ్రుల కోసం ప్రార్థించాలి. థామస్, మటిల్డాల సమాధి చుట్టూ చేరి జపం చెప్పాలి. ఆలస్యమైతే వారం భత్యంలో కోత. ఎదురు రొమ్ము మీద ఎర్ర శిలువ ఉన్న అంగీ వేసుకోవాలి. మనం దీన్ని దానధర్మం అంటాం గానీ, ఆలిస్ లెక్కలో ఇది కొలువు. చచ్చిపోయాక ఆత్మ శుద్ధి కావలసిన కాలాన్ని తగ్గించుకోవడానికి పదమూడు మందిని జీతం మీద పెట్టుకుంది. మతగురువుల్లో రెండోవాడికి ఏడాదికి 10 పౌన్లు ఇచ్చి, మాన్యం ఊళ్ల పిల్లలకు ఉచితంగా వ్యాకరణం చెప్పమంది. బడి అలా పుట్టింది.

ధర్మగృహం చూడటానికి మన మండువా లోగిలి లాగే ఉంటుంది. మధ్య వాకిలి, వాకిట్లో బావి, నాలుగు వైపులా కప్పుకింద వసారా, వసారాలోకి తెరుచుకునే గదులు. కర్ర చట్రాల మధ్య ఇటుకలు పేర్చిన గోడలు. ఆ ఇటుకే ఆ ప్రాంతానికి అప్పట్లో కొత్త. చుట్టుపక్కల చర్చిలు చెకుముకి రాయి, సున్నపు రాయి కట్టడాలు. విలియం పూర్వీకులు హల్ రేవులో వర్తకులు. ఆ పట్నానికి ప్రాకారం కూడా ఇటుకే. సముద్రపు ఒడ్డు అలవాటును కోడలి ఊరికి తెచ్చారన్నమాట. బడి కూడా ఎర్రటి ఇటుక కట్టడమే. కిటికీల పైన వంపుల చివర డాళ్లు పట్టుకున్న దేవదూతలు. ఒక పల్లెటూరి బడికి అంత సొగసు ఎవరు చేయిస్తారు?

చర్చి లోపలికి వద్దాం. జ్ఞానస్నానపు తొట్టి మీద ఓక్ చెక్కతో చెక్కిన పొడవైన మూత వేలాడుతూ ఉంటుంది. మంచి పనితనం. కానీ చూడవలసింది ఆలిస్ సమాధి. ఆమె 1475లో పోయింది. ప్రధాన పీఠానికీ, బీదలు ప్రార్థన చేసే సెయింట్ జాన్ మందిరానికీ మధ్య, అటు వాళ్లకూ ఇటు వాళ్లకూ కనిపించేలా ఉంది సమాధి. అలబాస్టర్ రాయి, అంతస్తులుగా పని. పై అంతస్తులో ఆలిస్ పడుకున్న శిల్పం. తల మీద డచెస్ కిరీటం, చేతులు జోడించి ఉంటాయి. ఎడమ ముంజేతికి గార్టర్ పట్టీ. మగవాళ్లు మోకాలి కింద కట్టుకునే ఆ బిరుదు పట్టీని ఆడవాళ్లు ఎక్కడ కట్టుకోవాలని విక్టోరియా రాణికి సందేహమొస్తే, ఈ శిల్పాన్ని చూసి రమ్మని మనిషిని పంపారని ఊళ్లో చెప్పుకుంటారు. ముఖం వయసు మళ్లిన ముఖం. బుగ్గల కింద చర్మం కాస్త జారింది. శిల్పి ముఖస్తుతికి పోలేదు.

సమాధి పెట్టె కింద రాతి జాలీ. జాలీలోంచి చూస్తే ఇంకో ఆలిస్. శవం. గుడ్డ జారిపోయి, డొక్కలు తేలి, జుట్టు వెనక్కి పడి, నోరు తెరుచుకుని ఉంటుంది. ఆ కాలంలో ఇంగ్లండు, ఫ్రాన్సు పెద్దల సమాధుల్లో ఇలాంటి శవశిల్పాలు ఉన్నవే, అయితే ఆడమనిషివి అరుదు. చాలామంది జాలీ దగ్గర వంగి చూసి వెళ్లిపోతారు. నేల మీద వెల్లకిలా పడుకుని, తల జాలీకి ఆనించి పైకి చూస్తే, శవానికి సరిగ్గా పైనున్న రాతి పలక అడుగున రంగు బొమ్మలు కనిపిస్తాయి. మేరీకి దేవదూత శుభవార్త చెప్పే ఘట్టం, పక్కన మగ్దలీనా మేరీ, బాప్తిస్మమిచ్చే యోహాను. నిలబడ్డవాడికి అవి కనిపించవు. అవి శవశిల్పం కళ్ల ముందుండాలని వేయించినవి. రాతి పనికి, రంగుకు డబ్బు పోసి, ఎవరూ చూడని చోట బొమ్మలు గీయించిన మనిషి నమ్మకం ఎంత గట్టిదో ఆలోచించండి.

కొడుకు జాన్ 1492లో పోయాడు. మనవళ్లు సింహాసనం మీద హక్కున్నవాళ్లు కావడమే వాళ్లకు మృత్యువైంది. ఎడ్మండ్‌ను 1513లో ఎనిమిదో హెన్రీ తల తీయించాడు. రిచర్డ్ 1525లో పావియా యుద్ధంలో ఫ్రెంచి పక్షాన పోయాడు. ఆస్తి రాజుగారి ఖజానాలో కలిసిపోయింది. యూయెల్మ్‌లో డి లా పోల్‌ల మహలు ఉండేది. చుట్టూ కందకం, ఇటుక గోడలు, దూలాలకు బదులు ఇనుప కడ్డీలు వేసిన హాలు. 16వ శతాబ్దపు యాత్రికుడు జాన్ లీలండ్ దాన్ని మెచ్చుకుంటూ రాశాడు. ట్యూడర్ రాజులు వేటకో విడిదికో వచ్చిపోయేవారు. 17వ శతాబ్దం మొదట్లోనే అది పాడుబడిపోయింది. ఇప్పుడు తర్వాతి కాలపు ఇంటి గోడల్లో ఇమిడిపోయిన కొంత భాగం తప్ప మిగల్లేదు. మూడు కట్టడాలనూ కట్టించిన కుటుంబం తన కోసం కట్టుకున్న నాలుగోదే పోయింది. దానికి యజమానులుండేవారు, మాన్యం లేదు. రాజుగారికి అలాంటి మహళ్లు బోలెడు.

ధర్మగృహానికి వచ్చిన గండం వేరు. 1547 చట్టంతో ఆరో ఎడ్వర్డ్ ప్రభుత్వం చనిపోయినవారి ఆత్మల కోసం ప్రార్థించే సంస్థలన్నిటినీ రద్దు చేసి, భూములు లాక్కుంది. ఆలిస్ అసలు ఉద్దేశమే ఆ ప్రార్థన. ఆ ప్రార్థన ఆగింది. అయినా పదమూడు గదులు ఉన్నాయి, గదుల్లో మనుషులున్నారు, బడిలో పిల్లలున్నారు, భూములు ఏ డి లా పోల్ పేరు మీదా లేవు. 1437 నాటి కాగితం మాట అదే. ద్రోహి కుటుంబం ఆస్తి కింద జప్తు చేయడానికి వీల్లేదు. మార్ష్ గిబ్బన్ శిస్తు వస్తూనే ఉంది.

ఆ తర్వాతి ఏర్పాటు కొంచెం విచిత్రం. మొదటి జేమ్స్ ఖర్చు లేకుండా ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుల జీతాలు పెంచే ఉపాయంగా, 1605లో చర్చి పదవిని వేదాంతశాస్త్ర రీజియస్ ప్రొఫెసర్‌కు, 1617లో ధర్మగృహ మాస్టర్ పదవిని వైద్యశాస్త్ర రీజియస్ ప్రొఫెసర్‌కు జోడించాడు. మొదటి ముడి 1871లో విడిపోయింది. రెండోది నిలిచింది. ఇందులో చాలామంది ఆచార్యులు ఊరి మొహం చూసి ఉండరు. 1905లో ఆ పదవికి వచ్చిన విలియం ఆస్లర్ మాత్రం వేరు. వైద్య విద్యార్థులను వార్డులోకి, రోగి పక్కకు తీసుకెళ్లి పాఠం చెప్పిన మనిషి. ఆయన యూయెల్మ్‌లో బస చేసేవాడు, ముసలివాళ్లతో కూర్చుని కబుర్లాడేవాడు, భోషాణాల్లో మూలుగుతున్న పాత దస్తావేజుల మీద శ్రద్ధ పెట్టాడు.

మధ్యలో 1640ల అంతర్యుద్ధం. పార్లమెంటు సైనికులు ఊరూరా చర్చిల్లో బొమ్మలు పగలగొట్టారు. ఈ చర్చి దాదాపు చెక్కు చెదరలేదు. పార్లమెంటు పక్షపు కర్నల్ ఫ్రాన్సిస్ మార్టిన్ ఈ ఊరివాడు కనక అడ్డుపడ్డాడని చెబుతారు. ఆయన సమాధి కూడా అక్కడే ఉంది.

ఇప్పటి స్థితి. ధర్మగృహంలో చిన్న గదులు కలిపి విశాలం చేశారు, అందుచేత ఇళ్ల సంఖ్య తగ్గింది. ఆడవాళ్లకూ చోటుంది. వ్యాకరణ బడి మధ్యలో నీరసించి, 19వ శతాబ్దంలో ఊరి ప్రాథమిక పాఠశాలగా మారింది. తరగతులు నేటికీ ఆ ఇటుక కట్టడంలోనే. చర్చి ఆవరణలో 'త్రీ మెన్ ఇన్ ఎ బోట్' రాసిన జెరోమ్ కె. జెరోమ్ సమాధి ఉంది. థేమ్స్ నది మీద పడవ ప్రయాణం గురించి రాసిన మనిషి, ఈ చుట్టుపక్కలే కాపురమున్నాడు. 1927లో పోయాడు. చాసర్ వంశం కోసం వచ్చినవాళ్లలో సగం మంది ఈయన దగ్గర ఎక్కువసేపు నిలబడతారు!

మాన్యం అన్నాను కనక దగ్గరలోని ఇంకో ఊరి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. అది మన దేశానికి చుట్టమే. యూయెల్మ్‌కు దక్షిణాన, కొండ మీద స్టోక్ రో అనే ఊరుంది. కింద ఊట పుట్టే అదే సుద్ద కొండ మీద పైన నీటికి కటకట. వానకు నిండే గుంటలే దిక్కు. ఆ ప్రాంతంలోనే ఇప్స్‌డెన్‌లో పుట్టిన ఎడ్వర్డ్ ఆండర్డన్ రీడ్ మన దేశంలో వాయవ్య పరగణాల్లో అధికారిగా పనిచేశాడు. 1831లో ఆజంగఢ్ ప్రాంతంలో ప్రజలకు బావి తవ్వించాడు. మాటల్లో తన ఊరి నీటి ఎద్దడి గురించి కాశీ మహారాజా ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్‌కు చెప్పాడు. మహారాజా గుర్తుపెట్టుకుని స్టోక్ రోలో బావికి డబ్బు పంపాడు. 1863లో తవ్వకం మొదలైంది. నాలుగు అడుగుల వెడల్పు, 368 అడుగుల లోతు, అంతా మనుషులు చేత్తో తవ్విందే. నీళ్లు తోడే యంత్రం వాలింగ్‌ఫర్డ్ ఊళ్లోని వైల్డర్ల ఫౌండ్రీలో పోతపోశారు. దాని మీద బంగారు పూత ఏనుగు, ఆపైన గుమ్మటం. 1864లో విక్టోరియా రాణి పుట్టినరోజున తెరిచారు.

రీడ్ బావితో సరిపెట్టలేదు. పక్కనే స్థలం తీసుకుని చెర్రీ తోట వేయించాడు. పండ్లు అమ్మిన డబ్బుతో బావి మరమ్మతులు జరగాలని ఏర్పాటు. తోటకు ఈశ్వరీ బాగ్ అని పేరు. కాపలాదారుకు చిన్న ఇల్లు కూడా కట్టించారు. కుళాయి నీళ్లు వచ్చాక బాల్చీ దించే పని తగ్గిపోయింది. 1964లో నూరేళ్ల పండగకు ప్రిన్స్ ఫిలిప్ వచ్చారు. ఇప్పుడు బావినీ తోటనూ ఒక ట్రస్టు చూసుకుంటోంది. చూడటానికి టికెట్ లేదు.

వేళ మించిందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి, కూర్చునే చెబుతాను.