ఆపరేషన్ తేదీ వచ్చేలోపు

సేవాలాల్ జయంతి రోజు క్యాన్సర్ మాట ఎందుకని ఇందాక ఒక పెద్దాయన అడిగారు. భోగ్ భండారో చేసుకుని సంతోషంగా ఉండాల్సిన రోజే, కాదనను. కానీ లక్డారం, పటాన్‌చెరు వైపు క్రషర్లలో, కంపెనీల్లో పనిచేసే మన ఇళ్ల పిల్లలంతా ఒక్కచోట దొరికేది ఇవాళే.

మా బంధువుల్లో ఒక యాడికి బుగ్గ లోపల పుండు లేచింది. ముక్క తీసి పరీక్షకు పంపితే దసరాకు ముందు క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ మాత్రం సంక్రాంతి దాటాకే అయింది. ఈ మధ్యలో ఏం జరిగిందో వినండి. స్కాన్‌కు ఒక తేదీ. రిపోర్టు చేతికొచ్చేసరికి ఆ డాక్టరు ఓపీ రోజు దాటిపోయింది, మళ్లీ వారం. రేషన్ కార్డులో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉందని ఆరోగ్యశ్రీ అనుమతి ఆగింది. అది సరిచేయించడానికి మూడు వారాలు. తీరా వెళ్లి చేరితే, రక్తం తక్కువుందని మత్తు డాక్టరు వెనక్కి పంపారు. రక్తం పట్టాక వెళ్తే స్కాన్ పాతదైంది, మళ్లీ తీయించమన్నారు. ఎవరూ చెయ్యమని అనలేదు. అందరూ మళ్లీ రండి అన్నారు, అంతే.

ఒక్కో 'మళ్లీ రండి'కి రోగి కూలీ, తోడు వెళ్లినవాళ్ల కూలీ రెండూ పోతాయి. మూడోసారికి తోడు వచ్చేవాళ్లు ఉండరు. సరిగ్గా ఆ వారాల్లోనే పసరు మందు ఇచ్చేవాళ్లు ఇంటికొస్తారు, కత్తి తగిలితే జబ్బు పాకుతుందని చెప్పేవాళ్లూ వస్తారు. కత్తి వల్ల పాకదు. ఆగడం వల్ల పాకుతుంది. చాలా దేశాల లెక్కలు కలిపి చూసిన ఒక అధ్యయనం 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైతే ప్రాణం పోయే ముప్పు సుమారు 6 నుంచి 8 శాతం పెరుగుతుందని అందులో తేలింది.

అలాగని ప్రతి ఆలస్యమూ నిర్లక్ష్యం కాదు. కొన్ని గడ్డలకు ముందు కీమో ఇచ్చి, చిన్నవి చేశాకే కోస్తారు. అది చికిత్సే. మనది ఏ రకం ఆగడమో డాక్టర్నే అడగాలి. అడిగితే కోపగిస్తారని మనవాళ్లు నోరెత్తరు. చదువుకున్న మీరైనా అడగండి.

రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రి 1955 నుంచి పేదలకు దిక్కు. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది, మన రాష్ట్రంలో 2023లో దాని పరిమితి పది లక్షలైంది. డబ్బు భయం కొంత తగ్గింది. కానీ కార్డు ఉన్నంత మాత్రాన ఆపరేషన్ థియేటర్ ముందు వరుస తగ్గదు. సర్జన్లు, మత్తు డాక్టర్లు పెరగాలి. నన్నడిగితే ఇంకో కోరిక కూడా పెట్టాలి. సంగారెడ్డిలో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ఆపరేషన్‌కు ముందు చేసే రక్త పరీక్షలు, గుండె పరీక్ష, మత్తుకు పనికొస్తారో లేదో చూడటం అక్కడే చేసి, ఆ కాగితం హైదరాబాద్‌లో చెల్లేలా చేయమనాలి. కొత్త భవనం అడగక్కర్లేదు. ఆ ఒక్క ఏర్పాటు చాలు, రెండు మూడు ప్రయాణాలు తప్పుతాయి.

అది అయ్యేదాకా మీ పని ఒకటుంది. ఎవరింట్లో ఈ జబ్బు బయటపడినా, ఒక్క కుర్రాడో అమ్మాయో మొదటి రోజు నుంచి చివరిదాకా వాళ్ల వెంట ఉండాలి. రోజుకొకరు మారితే ఫైల్లో ఏ కాగితం ఉందో ఎవరికీ తెలియదు. ఏ రిపోర్టు ఎన్ని రోజులు చెల్లుతుందో అడిగి దాని మీదే రాయించుకోండి. రక్తం తక్కువుంటే ఆపరేషన్ తేదీ దాకా ఆగకుండా, జబ్బు తేలిన రోజే డాక్టరుకు చెప్పి మందు మొదలుపెట్టించండి. అనుమతి ఎక్కడ ఆగిందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. ఆయన కుర్చీలో లేకపోతే కూర్చోండి, వస్తారు.

వెనక బల్ల మీద ఒక నోట్‌బుక్ పెట్టాం. రక్తం ఇవ్వగలిగినవాళ్లు గ్రూపు, ఫోన్ నంబరు రాయండి. ఆధార్‌లో, రేషన్ కార్డులో మీ యాడి పేరు ఒకేలా ఉందో లేదో, ఇవాళ భోజనానికి కూర్చునేలోపే ఫోన్‌లో చూసుకోండి.