రక్తపోటు మాత్రయు, ఎలుకల పరీక్షయు



నాకు 66 ఏండ్లు. ఐదేండ్లుగా ప్రతిదినము ఉదయము రామిప్రిల్ అను రక్తపోటు మాత్రను పుచ్చుకొనుచున్నాను. నిరుడు కాలిబొటనవ్రేలికి దెబ్బ తగిలి, పుండు నెల గడచినను మానలేదు. ఆ దినములలోనే, ఈ జాతి మందులు ఎలుకలలో రోగమును ఎదిరించు శక్తిని తగ్గించినవని యొక పత్రికలో చదివితిని. ఎవ్వరితోను చెప్పక మాత్ర వేసికొనుట నిలిపివేసితిని. శాస్త్రము చదివినవాడనని చెప్పుకొను నేను చేసిన పని యిది!

నాలుగవనాడు తల దిమ్మెక్కి అరుగుమీద కూలబడితిని. నా పూర్వశిష్యుడైన వైద్యుడు వచ్చి చూచి, "మాస్టారూ, మీరు సగమే చదివినారు" అనెను. అతడు చెప్పిన తక్కిన సగము మీకును చెప్పెదను.

మన దేహములో ఏస్ అను ఎంజైము కలదు. రక్తనాళములను బిగియజేయు పదార్థము దానివలన పుట్టును. రామిప్రిల్, ఎనలాప్రిల్ మొదలగు మాత్రలు దాని నడ్డగించును. బ్రెజిలు దేశపు జరరాకా యను సర్పముయొక్క విషమును పరిశోధించుటవలననే యీ మందులకు దారి దొరకినదట. అది యటుండనిండు. సూక్ష్మజీవులను మ్రింగి చంపు న్యూట్రోఫిల్ అను తెల్లకణములకును ఈ ఎంజైము తోడ్పడును. చిక్కంతయు నిక్కడనే.

అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమందలి సీడర్స్-సైనై వైద్యకేంద్రపు పరిశోధకులు 2021లో తమ పరీక్షల ఫలితములను ప్రకటించిరి. ఏస్ నడ్డగించు మందునిచ్చిన యెలుకలకు, మొండి జాతి స్టఫిలోకాకస్ సూక్ష్మజీవుల నెక్కించి చూచిరి. మందు పుచ్చుకొనని యెలుకలలోకంటె వీని నెత్తురులోను అవయవములలోను ఆ జీవులు అధికముగా నుండెను.

దీనికి కారణము రక్తపోటు తగ్గుటయా, ఏస్ అడ్డగింపబడుటయా? అది తేల్చుటకు, రక్తపోటునే వేరొక మార్గమున తగ్గించు లోసార్టాన్ జాతి మందును కూడ పరీక్షించిరి. దానివలన కణముల బలము తగ్గలేదు. న్యూట్రోఫిళ్లలో ఏస్ అధికముగా నుండునట్లు పెంచిన యెలుకలో, సూక్ష్మజీవులను మరింత చురుకుగా చంపినవి. తర్కములో మనము చదువుకొన్న అన్వయవ్యతిరేకము లివియే గదా! వారము దినములు ఈ జాతి మందు పుచ్చుకొన్న కొలదిమంది మనుష్యుల కణములలోను ఆ శక్తి తగ్గినట్లు కనబడెను.

"మరి నేను మానుట తప్పెట్లగును?" అంటిని.

"ఎలుకలకు సూక్ష్మజీవుల నెక్కించినారు. మీ కెవ్వరెక్కించినారు? రక్తపోటు పెరిగి పక్షవాతము వచ్చినచో ఆ యెలుకలు మిమ్ము లేవనెత్తునా? సందేహమున్నయెడల నన్నడుగుడు, మందు మార్చుట కష్టము కాదు" అని, అతడు నా నెత్తురు పరీక్ష చేయించెను.

చక్కెర మిక్కిలిగా నున్నది. నాకు మధుమేహ మున్నదని అంతవరకు నే నెరుగను. దానికి మందు మొదలుపెట్టి, దినమును కాలు కడిగి కట్టు కట్టించుకొనగా, ఐదు వారములకు పుండు మానినది. రామిప్రిల్ మాత్రను మాత్రము అతడు మార్చలేదు.