వేలు మనది, కాపలా ఎవరిది?

 

దివిసీమలో పీతలు పట్టేవాళ్ల వేళ్లు చూశారు కదా. ఉప్పునీళ్లకి గీతలరిగిపోతాయి. బియ్యం కోసం మిషన్ మీద పెడితే పడవు, తుడిచి మళ్లీ పెట్టమంటారు. మన తిండికి పడని ఆ ముద్రే దొంగకి మాత్రం పనికొస్తోంది.

2018 ఏప్రిల్‌లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్లో లక్షకు పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, కులం, మతం ఎవరైనా చూసేలా ఉన్నాయని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. ఎవరూ తాళం పగలగొట్టలేదు, అసలు తలుపే వేయలేదు! అదే ఏడాది తెలంగాణలో, పెద్దపల్లి జిల్లాలో, రిజిస్ట్రేషన్ సైట్లో ఉన్న దస్తావేజుల మీది వేలిముద్రలకి అచ్చులు చేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేశారు. 2022లో ఆంధ్ర రిజిస్ట్రేషన్ పత్రాల ముద్రలతో ఖాతాల్లో డబ్బు లాగిన ముఠాని సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు ఉంటే ఆ మిషన్లో డబ్బు వచ్చేస్తుంది, ఓటీపీ అక్కర్లేదు. పిన్ పోతే మార్చుకుంటాం. వేలు మార్చుకుంటామా?

"జాగ్రత్తగా ఉండండి" అని మనకే చెబుతారు. ఆధార్ నంబర్లు బహిరంగంగా పెట్టకూడదని ఆధార్ చట్టం సెక్షన్ 29 ఆఫీసులకే చెబుతోంది. సచివాలయం గోడ మీది లిస్టులో పూర్తి నంబరు కనిపిస్తే ఫొటో తీసి, రాతపూర్వకంగా ఫిర్యాదివ్వండి.

బయోమెట్రిక్ లాక్ మంచిదే. పెట్టాలంటే ఓటీపీ కావాలి. అది ఎవరి ఫోన్‌కి వస్తోంది? నాకు అసలు భయం ఇక్కడే. గుడివాడ వైపు చేపల చెరువుల కాపలా ఉండే మనవాళ్ల ఆధార్‌కి యజమాని నంబరు లింకై ఉందనుకోండి, తాళంచెవి ఆయన జేబులో ఉన్నట్టే. 2025 జనవరిలో మన మిత్ర వాట్సాప్ వచ్చాక ప్రభుత్వ సేవలు ఇంకా ఎక్కువగా ఫోన్లోకి చేరాయి. అందుకే ముందు ఈ పని చేయండి. యూఐడీఏఐ సైట్లో ఆధార్ చెల్లుబాటు చూసే చోట నంబరు కొడితే, లింకైన ఫోన్ చివరి మూడు అంకెలు కనిపిస్తాయి. ఆ అంకెలు ఇంట్లోవాళ్లవి కాకపోతే ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి మార్పించండి. తర్వాతే లాక్. రేషన్ రోజు కాసేపు తీసి మళ్లీ వేయాలి, మర్చిపోకండి.

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. మూడు పనిదినాల్లోపు బ్యాంకుకి కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. చదువురాని పెద్దవాళ్లని ఒంటరిగా పంపకండి, పక్కన మీరుండండి.