దరఖాస్తులో వీధి కనిపించాలి



2009లో మా అమ్మాయిని చూడడానికి అమెరికాలోని క్లీవ్‌లాండ్ వెళ్ళాను. వాళ్ళ పక్క వీధిలో ఒక రిటైరైన కార్మికుడు ఉండేవారు. తన ఇంటి అప్పు పైసాతో సహా తీర్చేశారు. కాని ఇరుపక్కల ఇళ్ళవారు వాయిదాలు కట్టలేక పోతే బ్యాంకులు స్వాధీనం చేసుకున్నాయి. ఇళ్ళు పాడుబడ్డాయి. "నా తప్పు లేకుండానే నా ఇంటి విలువ పోయింది" అని వాపోయారు.

ఇటువంటి పేటలను నిలబెట్టడానికి అక్కడి ప్రభుత్వం 2008లో 392 కోట్ల డాలర్లు, 2009లో మరో 200 కోట్లు కేటాయించింది. రెండవ విడతకు పోటీ పెట్టారు. సొమ్ము వ్యక్తులకు ఇవ్వలేదు. నగరాలు, రాష్ట్రాలు, లాభాపేక్ష లేని సంస్థలు దరఖాస్తు చేయాల్సి ఉండేది. ఖాళీ ఇళ్ళు కొని, బాగుచేసి, అమ్మడానికి లేదా అద్దెకివ్వడానికి వీలుండేది. నిధిలో కనీసం నాలుగోవంతు అల్పాదాయ కుటుంబాల ఇళ్ళకే ఖర్చుచేయాల్సి ఉండేది. ఏ పేటలో, ఎన్ని ఇళ్ళు, ఎప్పటిలోగా అన్నది స్పష్టంగా రాయాల్సి ఉండేది. పంపేముందు ప్రజల అభిప్రాయమూ తీసుకోవాల్సి ఉండేది.

ఆ పెద్దాయన చేతికర్ర పట్టుకుని తిరిగి, ఖాళీ ఇళ్ళ నంబర్లన్నీ రాసిపెట్టుకున్నారు. ఆ కాగితం నేను కళ్ళారా చూశాను.

2010 జనవరిలో దేశం మొత్తం మీద 56 దరఖాస్తులకే నిధులు మంజూరయ్యాయి. అందులో క్లీవ్‌లాండ్ ప్రాంతానికి 4 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి.

మిత్రులారా! "మా కాలనీని కనికరించండి" అని రాస్తే ఫైలు కదలదు. ఇంటి నంబరు, లెక్క, గడువు రాయండి. ఆ పని చేయడానికి మనకు తీరికా ఉంది, అనుభవమూ ఉంది.