కడుపులో బిడ్డకు కట్టే పొదుపు



కడుపుతో ఉన్నామె ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందంటారు. మా కోట సంఘంలో మేమూ అదే నమ్మినాం. ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలిందే తిన్నాం. మాలో ఇద్దరికి రెండున్నర కిలోలు కూడా లేని బిడ్డలు పుట్టినారు.

తర్వాత తెలిసింది. ఒక్కో కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్న జల్లెడలు సుమారు 10 లక్షలుంటాయి. అవి తల్లి కడుపులోనే, ఎక్కువభాగం చివరి మూడు నెలల్లో తయారవుతాయి. నెలలు నిండి పుట్టినాక కొత్తవి రావు. మన పొదుపు లాంటిదే. కాకపోతే కట్టేదంతా కాన్పుకు ముందే, ఆ తర్వాత వాడుకోవడమే. బరువు తక్కువ బిడ్డకు ఈ పొదుపు తక్కువగా ఉండొచ్చు. పెద్దయ్యాక బీపీ, కిడ్నీ జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. అందరికీ వస్తుందని కాదు. అందుకే మా ఇద్దరు బిడ్డలకు ఏటా బీపీ చూపిస్తా ఉన్నాం.

అంగన్‌వాడీ గుడ్డు, పాలు ఇంట్లో పంచకుండా కడుపుతో ఉన్నామే తినాల. నాలుగో నెల నుంచి ఐరన్ మాత్ర రోజూ వేసుకోవాల. డాక్టరును అడక్కుండా నొప్పి మాత్రలు మింగకూడదు. కొన్ని బిడ్డ కిడ్నీలకు చెరుపు చేస్తాయి.

ఇకమీదట సమావేశంలో పొదుపు కట్టించుకునే ముందు, కడుపుతో ఉన్న సభ్యురాలిని ఒక్కమాట అడుగుదాం: "ఈ పూట ఏం తిన్నావమ్మా?"